చాటెడు తౌడుకు కొన్న పిల్ల

మెట్‌పల్లి సాలెవాడలో ఆ పొద్దు మగ్గాలన్నీ ఆగిపోయాయి. బాలలక్ష్మి ఏడేళ్ల అనసూర్య రెక్క పట్టుకుని, ఈ పిల్ల నాది, ఆదిలాబాదు తీసుకుపోతానని వీధిలో నిలబడింది. అక్కడి పత్తి మిల్లులో పెనిమిటికి పని దొరికిందట. ఆమె మాట ఒట్టి బుకాయింపు కాదు. పిల్లను కన్న కిష్టవ్వకు అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోదైనా దక్కాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పిల్లల్లేని బాలలక్ష్మికి చాటెడు తౌడుకు అమ్మింది. ఆచారానికే అమ్మడం, పెంచుకునేది కన్నతల్లే. లోకానికంతా తెలిసిన ఆ సంగతిని బాలలక్ష్మి ఒక్కతే నిజం బేరమనుకుంది.

కిష్టవ్వ కొంగు బిగించి వచ్చింది. "నీ తౌడు నా బర్రె తిన్నదక్కా. గదో, కొట్టంల ఉన్నది. తోల్కపో."

వాడంతా ఒకటే నవ్వు. పక్కింటి శంకరవ్వ చేతిలో నూలు కండెలు జారి ఎటో దొర్లిపోయాయి. బాలలక్ష్మి పిల్ల చెయ్యి వదిలేసింది.

తల్లంటే అదీ అని శంకరవ్వ ఊరంతా చాటింది. కానీ గెలిచిన నాటినుంచే కిష్టవ్వకు గుబులు పట్టుకుంది. బడికి తప్ప పిల్లను గడప దాటనివ్వదు. పదమూడేళ్లొచ్చినా ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. ఎవరు పలకరించినా పిల్లకు బదులు తనే జవాబు చెబుతుంది. చూసి చూసి శంకరవ్వ ఒకనాడు అననే అంది: "దానికి దూపయితె నీళ్లు గూడ నువ్వే తాగుతవా?"

అంతలో ఏడో తరగతిలో పిల్ల తాలూకాకే మొదటొచ్చింది. కరీంనగర్ హాస్టల్లో సీటు! వాడ వాడంతా పండగ, కిష్టవ్వ ఒక్కతే పంపనంది. బడిపంతులు కాళ్లావేళ్లా పడితే, చూసి మాత్రం వస్తానని పిల్లను వెంటబెట్టుకుని, శంకరవ్వను తోడు తీసుకుని బయల్దేరింది.

హాస్టలమ్మ పిల్లను పేరడిగింది. పిల్ల తల్లి మొహం చూసింది. మళ్లీ అడిగింది. మళ్లీ తల్లినే చూసింది. కిష్టవ్వ నోరు తెరిచింది, తెరిచిన నోరు అట్లాగే మూసుకుంది. కొంగు కొస నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

"అనసూర్య," అంది పిల్ల. చిన్న గొంతే, అయినా అందరికీ వినబడింది.

తిరుగు బస్సు జగిత్యాల దాటింది. పిల్ల నిద్రపోయాక కిష్టవ్వ, శంకరవ్వ చెవిలో చెప్పింది:

"సోమారం పిల్లను నువ్వే బస్సెక్కియ్యి శంకరవ్వా. నేను నవ్వుకుంటనే నిలవడ్త. బస్సు కదిలినంక ఎంబడి ఉరుకుతనేమో, నా రెక్క గట్టిగ వట్టుకో. పిల్ల సూడకుంట."