‘తిరిగి చెప్పు’ పరంధామయ్య

పరంధామయ్య గారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఎవరికి ఏ మాట చెప్పినా చివర “ఏదీ, తిరిగి చెప్పు” అనేవారు. విన్నవాళ్ళు పొల్లుపోకుండా ఒప్పజెబితే తప్ప వదిలేవారు కాదు.

పాకాల దగ్గర ఒక చిన్న రైల్వే స్టేషనుకు ఆయన మాస్టరు. చెప్పే తీరూ వింతే. మనిషికి ఎదురుగా నిలబడి, బిడ్డకు గోరుముద్ద పెట్టే తల్లిలాగా నోరంతా తెరిచి, ఒక్కొక్క మాటా నిదానంగా అనేవారు. పాలు పోసే నాగులమ్మ “రేపు అర్ధసేరు ఎక్కువ” అని అప్పజెప్పాకే గడప దిగాలి. ఒకసారి చిత్తూరు పోవాల్సిన పెద్దమనిషి బండి టైము మూడోసారి తిరిగి చెబుతుండగా బండి కాస్తా వెళ్ళిపోయింది. పోతే పోయింది లెండి, ఇంక జన్మలో ఆ టైము మరిచిపోరు అని ఓదార్చారు పరంధామయ్య.

భార్య వరదమ్మ ఆరేళ్ళుగా పడుతోంది ఈ బాధ. అంతకుముందు ఆయన మామూలుగానే ఉండేవారు. ఏ గాలి సోకిందో, ఉన్నట్టుండి “పులుసులో ఉప్పు తగ్గింది, తిరిగి చెప్పు” అనడం మొదలుపెట్టారు.

“వండిందీ నేనే, తిట్టుకోవాల్సిందీ నేనేనా?” అనేది ఆమె.

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చునేవారు, ఆమె చెప్పేదాకా.

స్టేషనులో నీళ్ళు తోడి, దీపాలు తుడిచే ముసలి చిన్నబ్బను చూస్తే ఆమెకు మరీ జాలి. పాపం, పగలంతా తిరిగి చెబుతూనే ఉండేవాడు.

1944 వేసవిలో కబురొచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ముసలి పనివాళ్ళ కళ్ళూ చెవులూ చూస్తాడట, పనికిరానివాళ్ళను ఇంటికి పంపేస్తాడట. చిన్నబ్బకు వేరే ఇల్లెక్కడిది? భార్య పోయాక నీళ్ళగది వెనక అరుగే అతని ఇల్లు.

వరదమ్మ భర్తను బతిమాలింది. “ఆ ఇన్‌స్పెక్టరు ముందర చిన్నబ్బ ప్రాణం తీయబాకండి. మీరు నాలుగుసార్లు చెప్పిస్తే వీడికి చెవుడేమో అనుకుంటాడు. ముసలోడి పని పోతాది.”

పరంధామయ్య ఆమె వైపు తిరిగారు. “సరే, నువ్వు చెప్పింది ఇప్పుడు నేను తిరిగి చెప్పేదా?” అన్నారు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు వరదమ్మ మజ్జిగ చెంబుతో ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళింది. అప్పుడే గూడ్సు ఇంజను వచ్చి ఆగి, బుస్సుమని ఆవిరి వదలసాగింది. ఇన్‌స్పెక్టరు చిన్నబ్బ వైపు వీపు తిప్పి ఏదో పని పురమాయించాడు. చిన్నబ్బ కదల్లేదు. కొయ్యలా నిలబడ్డాడు.

వరదమ్మ గబగబా భర్త పక్కకు వచ్చింది.

పరంధామయ్య ఇన్‌స్పెక్టరు నోటి దగ్గర చెవి పెట్టి మళ్ళీ విని, దూరాన ఉన్న చిన్నబ్బ వైపు తిరిగి, ఎప్పటిలాగే నోరంతా తెరిచి చెప్పారు. పక్కనే ఉన్న వరదమ్మకు ఆ హోరులో ఒక్క ముక్కా చేరలేదు. చివరి రెండు మాటలు మాత్రం పెదవుల మీద పోల్చుకుంది.

ఇంజను సద్దుమణిగేసరికి చిన్నబ్బ దగ్గరికొచ్చాడు. “రెండు కుర్చీలు యాపసెట్టు కింద ఎయ్యాల. కూజాలో కొత్తనీళ్ళు నింపాల. ఆడుండే నల్లకుక్కను తరమాల. అంతే గదా సామీ?”

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. “నేను చెప్పింది నాకే వినపడలేదు. ఈ ముసలాయనవి పాము చెవులండీ” అని, ఆ మాటే కాగితం మీద రాసుకున్నాడు.

వరదమ్మ చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఆరేళ్ళ కిందట చిన్నబ్బ విషజ్వరంతో ఇరవై రోజులు మంచం పట్టి లేచాడు. ఈయన జబ్బు మొదలైందీ అప్పుడే. ఒక్కడి చేతే చెప్పిస్తే అతని చెవుల సంగతి ఊరు పసిగడుతుందని ఊరందరి చేతా, చివరికి కట్టుకున్నదాని చేతా చెప్పించారు మహానుభావుడు.

వెళుతూ ఇన్‌స్పెక్టరు, వచ్చే ఏడు మళ్ళీ వస్తానన్నాడు.

“ఏదీ, తిరిగి చెప్పండి” అన్నారు పరంధామయ్య.

ఆ మధ్యాహ్నం పులుసులో నిజంగానే ఉప్పు తగ్గింది. ఆయన నోరు తెరవకముందే వరదమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పేసింది.

అన్నం వేళకు వచ్చి వాకిట్లో కూర్చునే చిన్నబ్బకు రోజూ వంటింట్లోంచే కేకేసి చెప్పేది ఆమె. ఆ రోజు బయటికొచ్చి, అతనికి ఎదురుగా నిలబడి, నోరంతా తెరిచి నిదానంగా అంది. “పులుసు కాలతా ఉండాది. సల్లారినాక తిను. ఏదీ, తిరిగి చెప్పు.”

చిన్నబ్బ ఆమె పెదవుల్ని చూశాడు, కళ్ళలోకి చూశాడు. రెండు చేతులూ జోడించాడు. ఆ తరువాత బోసినోటితో నవ్వాడు.

“సామి జబ్బు మీగ్గూడా అంటుకునిందా అమ్మా?”