తోకలు తెగిన పాటలు

సాయంత్రం ఐదుంపావుకి మా పెద్దమ్మ హారతి పళ్ళెంలో కర్పూరం పెట్టించింది. ఆ రోజుల్లో పెనుగొండలో మా బంధువుల ఇళ్ళల్లో పెళ్ళంటే ప్రతి ఘట్టానికీ ఒక పాట ఉండేది. అన్నీ పెద్దమ్మే పాడేది. తన కూతురి పెళ్ళికి మాత్రం గొంతు నిలవదేమోనని (నిలవలేదు కూడా, పిలుపుల్లోనే పోయింది) ముందుగానే నా కంప్యూటర్లో పాడి పెట్టింది. పేర్లు తను చెబితే ఇంగ్లీషు అక్షరాల్లో నేను కొట్టాను: ‘వియ్యపురాలుగారికి హారతి’, ‘వియ్యపురాలుగారి మీద వేళాకోళం’. రెండోది భోజనాల దగ్గర పాడేది. అందులో వియ్యపురాలు లడ్డూలు కొంగున మూటగట్టుకుంటుంది.

“గుమ్మంలో అది పడిందంటే సామర్లకోట మగపెళ్ళివాళ్ళ ముందు తలెత్తుకోలేనురా,” అంది పెద్దమ్మ.

నాకప్పుడు విండోస్‌కి బదులు లినక్స్ వాడే పిచ్చి. పాటలున్నది విండోస్ డ్రైవ్‌లో. పదిమందీ చూస్తారు కదా అని ఆ రోజు లినక్స్ తెరిచి, ఆ డ్రైవ్‌ని దానికి తగిలించాను. చూస్తే పేర్లన్నిటికీ తోకలు తెగి ఉన్నాయి. ఆరు అక్షరాలు, ఒక వంకర గీత, ఒక అంకె. వియ్యపురాలుగార్లిద్దరికీ అంకెలో తప్ప తేడా లేదు. పేరుకి ఎనిమిది అక్షరాలే పట్టే పాత డాస్ పద్ధతిలో తగిలించానని అర్థమైంది. ‘ఎంఎస్‌డాస్’ అన్నచోట ‘వీఫ్యాట్’ అని రాసి మళ్ళీ తగిలిస్తే చాలు, పూర్తి పేర్లు వస్తాయి. అంతలో మగపెళ్ళివాళ్ళ కారు వచ్చింది.

“పెట్టరా!” అంది పెద్దమ్మ, లేని గొంతుతో. ఒకటో అంకె ఉన్నది నొక్కాను. (అంకెలు పాటలు ఎక్కిన వరుసలోనే పడతాయి. పెద్దమ్మ ముందు ఏది పాడి ఉంటుందో నేను ఊహించాల్సింది.)

వియ్యపురాలుగారు గడపలో కాలు పెడుతుండగా స్పీకర్లో లడ్డూల మూట మొదలైంది. “ఆపరా, నీ చదువు చట్టుబండలుగానూ!” అంది పెద్దమ్మ. నేను పాట ఆపకుండా, మళ్ళీ తగిలిద్దామని డ్రైవ్ విప్పబోయాను. అది వాడకంలో ఉంది, విప్పనంది కంప్యూటర్.

ఆవిడ అక్కడే నిలబడి చరణమంతా విన్నారు. “పాడింది మీరేనాండీ, వదినగారూ?”

పెద్దమ్మ తల వంచుకుని అవునంది.

“జవాబు వినకుండానే లోపలికి రమ్మంటారేంటండీ?” అంటూ, రాళ్ళలాంటి లడ్డూలు పెడితే మూటగట్టక ఏం చేస్తామని ఆవిడ గడపలోనే పాట అందుకున్నారు. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వీఫ్యాట్ అని రాశాను. పేర్లన్నీ పూర్తిగా వచ్చాయి. అటు ఎవరూ చూడలేదు.

పెద్దమ్మ పోయి ఏడాదైంది. కంప్యూటర్ ముందు చెమటలు కక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా ఇళ్ళల్లో ఇప్పుడు వియ్యపురాళ్ళ మీద ఎవరూ పాడరు.