నన్నిచ్చి పొడుగోన్ని తెచ్చుకున్నరు

టీవీల బాస్కెట్‌బాల్ పెడితె నేను లేచి బయటికి పోత. ఆట మీద కాదు నా కోపం. ఆఖరి తారీఖు లోపల ఏ టీం ఎవర్ని ఇచ్చి ఎవర్ని తెచ్చుకోవాలె అని కోట్లేసుకొని కూసొని మాట్లాడుతరు చూడు, ఆ ముచ్చటకు నా ఒళ్ళు మండుతది. మనుషులంటె ఏమనుకున్నరు వీళ్ళు? అంగట్ల ఎడ్లా?

నేను మస్కట్ పోయింది డెబ్బైలల్ల. అప్పుడు ఎక్కడ చూసినా సైట్లే. మా క్యాంపు దార్సైట్ దిక్కుండె. నాది ఇనుప రాడ్లు వంచి కట్టే పని. మా కంపెనీల లెబనాన్ ఇంజినీరొకాయన ఉండె, ఆయనకు బాస్కెట్‌బాల్ అంటె పిచ్చి. మిగిలిన రాడ్లతోటి మాతోనే రింగు చేయించి క్యాంపు ముంగట స్తంభానికి కొట్టించిండు. జుమ్మా రోజు డ్యూటీ ఉండకపోవు, అట్ల ఆట అలవాటైంది. మా రూమోళ్ళం ఐదుగురం టీం అయినం. అందరం కరీంనగర్ దిక్కోళ్ళమే, ఒక్క గంజుల వండుకొని తినేటోళ్ళం. కబడ్డీ ఆడిన కాళ్ళు, ఉరుకుడుకు తక్కువా? అందరికంటె పొట్టి నేనే. కని బంతి నా చేతుల నుంచి పోతెనే రింగుల పడేది.

ఆ యాడాది కంపెనీల నడుమ పోటీ పెట్టిన్రు. కంపెనీ హాజరీల ఉన్నోడే ఆడాలె, బేస్తారం పొద్దుమూకే వరకు పేర్లు ఇయ్యాలె. ఇగ మా క్యాంప్ బాసుకు కాలు నిలువలె. హైదరాబాదాయన. అవతల ఖురియాత్ ఊర్ల రోడ్డేసే కంపెనీల ఒక పంజాబీ క్రేను డ్రైవరున్నడు, నిలబడి చెయ్యెత్తితె రింగు అందుతది, ఆయన్ని తెస్తె కప్పు మనదే అన్నడు. ఆ కంపెనీకేమో కల్వర్టులకు రాడ్లు కట్టేటోడు కావాలె. ఇద్దరు యజమానులు, అర్బాబులంటరు అక్కడ, వాళ్ళు వియ్యంకులు. ఖావా తాగుకుంట నన్నిచ్చి ఆయన్ని పుచ్చుకున్నరు. నన్నొక్క మాట అడిగితె ఒట్టు!

నాకేమో ఆ నెలల్నే లగ్గం. రెండేండ్లు నిండుతున్నయి, లీవ్ ఖాయమైంది, ఊర్ల ముహూర్తం పెట్టుకున్నరు. పిల్లను నేను మస్కట్ రాకముందే చూసి, నచ్చి, మాట ఇచ్చి వచ్చిన. అదే చెప్పిన క్యాంప్ బాసుకు. "అరె, క్యా హోతా మియా? ఆట అయిపోంగనే వాపస్ తెచ్చుకుంటం," అన్నడు. ఒక్కడన్న నోరు తెరుస్తడేమోనని మా రూమోళ్ళ దిక్కు చూసిన. "నాలుగొద్దుల ముచ్చటే గదరా, కప్పు గెలుస్తె నీకు గూడ పేరే," అన్నరు. ఒక్క గంజుల తిన్నోళ్ళు! థూ!

ఖురియాత్‌కు అప్పుడు సరైన రోడ్డు లేదు. లారీల దుమ్ము మింగుకుంట పోయిన. మొదటి దినమే అక్కడి ఫోర్మెన్‌కు లీవ్ సంగతి చెప్పిన. "మా దగ్గర నీ సర్వీస్ ఇయ్యాల్టి నుంచే మొదలు. రెండేండ్లయినంక మాట్లాడు," అన్నడు. పాస్‌పోర్ట్ వాళ్ళ పెట్టెల ఉన్నది. నేనేమన్న చేపనా, సముద్రంల పడి ఈదుకుంట పోనీకె?

పోటీ సంగతి చెప్పాల్నా? మొదటి ఆటల్నే ఓడిపోయిన్రు. పంజాబీ ఆయన పాపం రింగు కింద చెయ్యెత్తి నిలబడ్డడు, బంతి ఇచ్చేటోడు ఎవ్వడు? ఒకల కండ్లు చూసి ఒకలం ఆడినోళ్ళం మేం. అందుట్ల నుంచి ఒకన్ని గుంజేసి ఎరుకలేనోన్ని పెడితె ఆట నడుస్తదా? ఆఖరి గడియల ఆ పని అసలే చెయ్యొద్దు. ఎవడన్న చేస్తె వానికి ఆటా ఎరుకలేదు, మనిషీ ఎరుకలేదు.

నీళ్ళ ట్యాంకర్ పట్టుకొని మస్కట్ పోయి క్యాంప్ బాసు ముంగట నిలబడ్డ. "అర్బాబులు సంతకాలు చేసుకున్నరు భయ్యా, నా చేతుల ఏమున్నది?" అన్నడు. ఏమున్నదట! కప్పు మనదే అన్ననాడు ఎవని చేతుల ఉన్నదో!

రాలేనని ఊరికి తంతి కొట్టిన. అప్పటికే చుట్టాలందరికి చెప్పుకున్నరు, పందిరి పడ్డది. ఈ ముహూర్తం తప్పితె మల్ల యాడాది దాక లేదని పిల్ల తరఫోళ్ళు పట్టు పట్టిన్రట. మా బాపు ఇంక చేసేదేం లేక మా తమ్మున్ని పీటల మీద కూసోబెట్టిండు. ఈ సంగతి నాకు చెప్పింది లీవ్ నుంచి తిరిగొచ్చిన మా రూమాయన. ఆయన పోయింది నా వంతు లీవ్ మీద. లగ్గం లడ్డు గూడ పట్టుకొచ్చిండు. నేను ముట్టలె.

ఖురియాత్‌ల రెండేండ్లు నిండినంకనే ఇంటికి పోయిన. వాకిట్ల అడుగు పెట్టంగనే ఆమె చెంబుల నీళ్ళు తెచ్చిచ్చింది. తమ్ముని మీద నాకు కోపం లేదు, ఆమె మీద అసలే లేదు. బాపు మీద ఉండె, ఆయన ముఖం చూస్తె అదిగూడ పోయింది. నేను కాళ్ళు కడుక్కుంటుంటె ఆమె తల వంచుకొనే అడిగింది.

"ఆట కోసం ఆగిపోయినవట గద బావా. మీ రూమాయన చెప్పిండు. గెల్చిన్రా మరి?"