బడే సాబ్ ఐసుపెట్టె

ఆదోనిలో పత్తిగింజల వ్యాపారం చేసే బడే సాబ్‌కు కొత్త వస్తువంటే పిచ్చి. వాడలో మొదటి టార్చిలైటు ఆయనదే. పట్టపగలు కూడా వెలిగించి చూపించేవాడు. 1957లో, బక్రీదుకు వారం ముందు, ఊరు విడిచి వెళ్తున్న ఒక మిల్లు మేనేజరు దగ్గర కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్జు కొని, ఎద్దుల బండి మీద ఇంటికి తెచ్చాడు. కింద దీపం వెలుగుతుంటే పైన మంచు ఎలా కడుతుందో ఆయనకూ తెలియదు. అయినా అడిగినవాళ్లకు అరగంట వివరించేవాడు.

"మంట పెడితే సల్లబడే పెట్టె! నీకు తగినదే దొరికింది" అని నవ్వింది భార్య షరీఫా బీ.

ఏటా బక్రీదు మాంసంలో పంచగా మిగిలింది ఆమె సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి మిద్దె మీద ఎండబెట్టేది. ఈసారి బడే సాబ్ అడ్డుపడ్డాడు.

"ఎండబెట్టే పని ల్యాదు. తొడను కొయ్యకుండా అట్లే మంచుకట్టే పైఅరలో పెడతా. పదిదినాలైనా తాజాగా ఉంటాది."

"సరే" అంది షరీఫా బీ. మోకాళ్ల నొప్పితో ఆయన మిద్దె ఎక్కలేడని ఆమెకు తెలుసు. తొడ ఆయనకిచ్చి, మిగతాది పైన ఆరేసింది.

పదో రోజున ఎమ్మిగనూరు నుంచి వియ్యంకుడు మస్తాన్ వలి భోజనానికి వస్తానని కబురు పంపాడు. ఆ పొద్దున బడే సాబ్ తలుపు తీస్తే, తొడ పైఅర గోడకు అతుక్కుని బండరాయిలా ఉంది. గరిటె కాడ పెట్టి పెళ్లగించాడు. రోకలితో మోదితే రోకలి పొన్ను ఊడింది గానీ మాంసం చిట్లలేదు. చివరికి పళ్లెంలో పెట్టి ఎండలో ఉంచి, పక్కనే కూర్చుని విసనకర్రతో ఈగలు తోలాడు.

మధ్యాహ్నానికి పైపొర మెత్తబడి నీరు కారుతోంది. లోపల మాత్రం మంచుగడ్డ అలాగే ఉంది. షరీఫా బీ వచ్చి వాసన చూసింది.

"పైన పులిసిపోయింది, లోపల ఇంకా రాయే. ఇది పొయ్యి మీదికి రాదు."

"మళ్లా పెట్టెలో పెడితే బాగవుతాదేమో?"

"సెడిపోయింది సల్లబడితే మంచిదైపోతాదా?" అని ఆమె పళ్లెం తీసుకెళ్లి పెరట్లో గుంట తీయించి పూడ్పించింది. బడే సాబ్‌కు ప్రాణం ఉసూరుమంది.

ఇంతలో మస్తాన్ వలి బస్సు దిగి వచ్చాడు. జొన్నరొట్టెలూ, ఎర్రగా ఉడికిన మాంసం కూరా వడ్డించింది షరీఫా బీ. ఆ కూర ఎక్కడిదో బడే సాబ్‌కు మొదటి ముద్దలోనే తెలిసిపోయింది. పెట్టె సంగతి ముందే విన్న మస్తాన్ వలి మూడో రొట్టె అందుకుంటూ, "భలే ఉందన్నా! ఐసుపెట్టె మహిమ!" అన్నాడు.

మీసం మెలేయడానికి బడే సాబ్ చెయ్యి పైకి లేచింది. వంటింటి గడపలో షరీఫా బీ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి దానంతటదే దిగింది.

"అబద్ధమెందుకప్పా! ఇది ఆమె మిద్దె మీద ఎండబెట్టిన కండ. ఐసుపెట్టెదాన్ని పెరట్లో పూడ్సినాం" అన్నాడు. మస్తాన్ వలి పొలమారేదాకా నవ్వాడు. షరీఫా బీ మాత్రం నవ్వకుండా భర్తకు ఇంకో గరిటె వడ్డించింది.

మరుసటి వారం నుంచి ఫ్రిజ్జు ఆమె చేతికొచ్చింది. మాంసం ముక్కలు కోసి, పూటకు సరిపడా చిన్న మూతడబ్బాల్లో పలచగా సర్ది పైఅరలో పెట్టేది. వండే ముందురోజే ఒక డబ్బా కిందిఅరలోకి దించి, నీళ్లు పడకుండా అడుగున పళ్లెం ఉంచేది. కరిగినదాన్ని ఆ పూటే వండేది. మళ్లీ గడ్డకట్టనిచ్చేది కాదు.

పెట్టె చూడ్డానికి వచ్చినవాళ్లకు బడే సాబ్ ఇవన్నీ వేళ్లు మడిచి చెప్పేవాడు. "ఈ ఉపాయాలన్నీ నీవేనా సాబూ?" అని పక్కింటి కాశప్ప అడిగితే గొంతు తగ్గించి, "సెప్పేది నేనప్పా, సేసేది లోపలుంది" అనేవాడు.