పెద్దసారు మెయిల్

అఫ్జల్‌గంజ్ దగ్గరి మా మెడికల్ కాలేజీలో పెద్దసారు ఏ పరిశోధన పత్రాన్నయినా చివరి పేజీ నుంచే తిప్పేవారు. అక్కడి రిఫరెన్సుల్లో తన పేరు కనబడితే ముఖం వాడిపోయేది. నిట్టూర్చి, కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరికో మెయిల్ కొట్టేవారు.

మధుమేహం మీద ఆయన ఎప్పుడో రాసిన పేపర్‌కు వచ్చినన్ని సైటేషన్లు, అంటే ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు, మా కాలేజీలో ఇంకెవరికీ రాలేదు. ఆ ముఖం వాడిపోవడం వినయమనీ, ఆ మెయిళ్లు కృతజ్ఞతలు చెప్పడానికనీ అనుకునేవాణ్ని.

నా మొదటి పేపర్ అచ్చయినప్పుడు పట్టుకెళ్లి చూపించాను. ఆయన సంతోషిస్తారని ఆ పాత పేపర్‌ను కూడా అందులో ప్రస్తావించాను. సారు చివరి పేజీ తిప్పి, కళ్లజోడు తీసి, "చదివినవా బిడ్డా?" అన్నారు.

"చదివాను సార్."

మర్నాడు నాకూ మెయిల్ వచ్చింది. 'గౌరవనీయులకు, నా పేపర్‌లో మూడో పట్టిక తప్పు. మరుసటి ఏడాదే సవరణ అచ్చు వేయించాను. దయచేసి అది చూడండి.'

సిగ్గుతో ఆయన గదికి పరిగెత్తాను.

"చార్మినార్ కాడ మా బాపు ముత్యాల దుకాణంల మచ్చున్న ముత్యాన్ని పక్కకు దీస్తుండె. నాది గా మచ్చున్నదే మస్తు నడుస్తున్నది" అన్నారు అలసటగా. "ఇన్నేండ్లల్ల మెయిల్ జూసి వచ్చింది నువ్వొక్కనివే. కూసో, చాయ్ తాగుదాం. చదివేటోడు ఒక్కడన్న దొరికిండు."

చాయ్ తాగాను. ఆయన పేపర్ అప్పటికీ చదవలేదని మాత్రం చెప్పలేకపోయాను.