ఇత్తడి దీపాల బండికి నేను చెప్పిన ధర

ఆ రోజుల్లో అమీర్‌పేటలో అంగడివాళ్ల పిల్లలకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చేది. మా నాయిన కిరాణా దుకాణంలో ఒకటే శాసనం: ధర అడిగిన మనిషికి 'అమ్మను' అని చెప్పరాదు. అలా అంటే లక్ష్మి గడప దిగిపోతుందట. అమ్మడం ఇష్టం లేకపోతే ఆకాశమంత ధర చెప్పాలి. అడిగినవాడే దండం పెట్టి వెళ్లిపోతాడు. (తాను ముందు పెట్టుకుని కూర్చునే గల్లాపెట్టెకు కూడా నాయిన ఒకసారి ఇలాగే ధర చెప్పాడు.) పద్దెనిమిదేళ్లకే ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం.

మా మేనమామ పంజాగుట్టలో ఒక డాక్టరుగారి మోటారు నడిపేవాడు. ఇత్తడి దీపాలు, రబ్బరు బుడ్డి హారను, ముందు హ్యాండిలు తిప్పితే తప్ప కదలని పాతకాలపు బండి అది. డాక్టరుగారు తిరగడానికి కొత్త బండి కొనుక్కున్నా, దీన్ని మాత్రం మామ కోసమే ఉంచారు. మామకు భార్యాబిడ్డలు లేరు. పొద్దున్నే ఆ దీపాలు తుడిచిన తర్వాతే చాయ్ తాగేవాడు.

ఒక ఏడు వానలు తగ్గాక పంజాగుట్టలోనే ఒక నవాబుగారి తోటలో పాత మోటార్ల జల్సా పెట్టారు. పట్నంలోని ముసలి బండ్లన్నీ మామిడిచెట్ల కింద వరసగా నిలబడితే, షేర్వానీలు వాటి చుట్టూ మెల్లగా తిరుగుతున్నాయి. మామ నన్ను తోడు తీసుకెళ్లాడు. మధ్యాహ్నం డాక్టరుగారిని భోజనాల డేరాకు తీసుకుపోతూ, "అల్లుడా, జర బండి కాడ నిలబడు. ఎవ్వలన్న ఏమన్న అడిగితే నేనొస్తనని చెప్పు, గంతే" అన్నాడు.

ఆ 'గంతే' నా చెవికెక్కలేదు. ఖైరతాబాదు వైపు జాగీర్దారు కొడుకట, నాకన్నా నాలుగేళ్లు పెద్ద, బండి చుట్టూ ఒకసారి తిరిగి "అమ్ముతరా భాయ్?" అని అడిగాడు. కాదనడానికి నాలుక తిరగలేదు. గొంతు సవరించుకుని ఒక ధర చెప్పాను. ఆ ధరకు మా అంగడి, పక్కనున్న దర్జీ కొట్టు, రెంటి వెనక ఉన్న జామతోట కూడా వచ్చేవి. (అతను నోరు తెరవకముందే, అలవాటు కొద్దీ కొంచెం తగ్గించాను కూడా.)

అతను బేరమాడలేదు. పుట్టి ఎన్నడూ ఆడి ఉండడు. "మంజూర్" అని నా చేయి పట్టుకుని ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముబారక్ అన్నారు. నేను భోజనాల డేరా వైపు చూశాను.

ఇంతలో తిరిగి వచ్చిన డాక్టరుగారు సంగతి విని, "ఇది అమ్మే బండి కాదండి. ఈ అబ్బాయికి తెలియదు" అన్నారు. జాగీర్దారు కొడుకు మర్యాదగానే, "పర్వా లేదు సాబ్. గని ధర చెప్పింది మీ మనిషే గదా" అన్నాడు. "అమీర్‌పేట కిరాణా సేటు కొడుకు గాయన" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

మామ ఒక దీపం మీద చెయ్యి వేశాడు.

"ఇయ్యుండ్రి దొరా."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?"

"పోరడు నలుగుర్ల మాటిచ్చిండు. ఇయ్యాల గా మాట పోతే, రేపు మా బావ అంగట్ల ఎవ్వలు ఉప్పు సుత కొనరు."

డాక్టరుగారు సరేనన్నాక, మామ జాగీర్దారు కొడుకుకు హ్యాండిలు తిప్పడం ఓపికగా నేర్పాడు. "బొటనవేలు చుట్టకుండ్రి, ఇంజన్ ఎదురు తంతే ఇరుగుతది. కిందికెల్లి మీదికి గుంజుండ్రి." బండి మొదటి తిప్పుకే అందుకుంది. (ఆ ఒక్క రోజు మొరాయించినా బాగుండేది.)

ఇద్దరం నడిచి అమీర్‌పేట దారి పట్టాం. దీపాలు తుడిచే గుడ్డ మామ చేతిలోనే ఉండిపోయింది. సగం దూరం వచ్చాక అడిగాడు.

"ఎంత చెప్పినవురా?"

చెప్పాను.

"ఏమన్న తగ్గించినవా?"

"కొంచెం."

"ఆయన అడిగిండా?"

"లేదు మామా."

మామ ఆగి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, నవ్వాడు. నవ్వుతూనే ఆ గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

నాయిన తర్వాత ఆ గల్లా ముందు నేనే కూర్చున్నాను. మామ తర్వాత ఆ గుడ్డ గల్లా మూలకు చేరింది. ఒకనాడు పాత గిరాకీ ఒకాయన ఎగతాళికి, "సేటూ, నీ అంగట్ల అన్నిటికీ ధరుంటది గదా, గా మసిగుడ్డకెంత?" అన్నాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచాను. మూసుకున్నాను. మళ్లీ తెరిచి, "అమ్మను" అన్నాను.

లక్ష్మి గడప దిగిన చప్పుడేమీ వినిపించలేదు. ఆ రోజు తోటలో నాకు నాలుక తిరగనిది ఇంత చిన్న మాటకా అనుకుని, గుడ్డ దులిపి, మళ్లీ మడిచి పెట్టుకున్నాను.