వట్టి ఆకు వేయొద్దు

ఈ ఉదయం ఆ చప్పుడు మళ్ళీ విన్నాను. కోవిల్‌పట్టిలో ఇప్పుడు మేముంటున్న మేడ మీద హాల్లో వారానికోసారి ఎయిర్ ఫ్రయర్ వంట నేర్పుతుంటాను. నేను అటు తిరిగి కాకరకాయలు తరుగుతున్నంతలో, కొత్తగా చేరిన ఒకావిడ ఖాళీ బుట్టలో కాగితం పరిచి, కాస్త ముందుగా వేడెక్కనిద్దామని మీట నొక్కేసింది. లోపల గాలి తిరగడం మొదలవగానే కాగితం టపటపా కొట్టుకుంది. ఒక్క అంగలో వెళ్ళి బుట్ట బయటికి లాగాను. "వట్టి ఆకు వేయొద్దు మే!" అని అరిచాను కూడా. ఆడవాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆకా? ఆకు ఎక్కడుండాదక్కా?" అంటూ ఆవిడ బుట్టలోకి తొంగి చూసింది. అందరం నవ్వాం. నాకు మాత్రం నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ మాట నాది కాదు, గురువమ్మక్కది. ఈ గదిలో ఎవరూ ఆమెను చూడలేదు.

గురువమ్మక్కకు విరుదునగర్ బజారులో పాత్రల అంగడి ఉండేది. ఆ ఊరంటేనే నూనె, పప్పుల వ్యాపారం. నూనెలో వేయించిన పరోటా తినడానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం బస్సెక్కి వస్తారు. అలాంటి చోట, నూనె పెద్దగా అక్కర్లేని యంత్రాన్ని అంగడి ముందు బల్ల మీద పెట్టుకుని అమ్మడానికి కూర్చున్న మనిషి ఆమె. ఎదురు కొట్టులో నూనె వ్యాపారి రోజూ మాటతో ఒక పోటు పొడిచేవాడు. "ఏం గురువమ్మా, మా పొట్ట కొట్టడానికే తెస్తివా దీన్ని?" అనేవాడు. ఆమె తలెత్తకుండానే, "నీ పొట్టను ఎవురు కొడతారయ్యా! అది ముందు వచ్చి నా అంగట్లో నిలబడుతుంది, నువ్వు అప్పురం వస్తావు" అనేది. ఆ దీపావళికి ఆయనే ఒకటి కొన్నాడు, అదీ ఎవరి కంటా పడకుండా గోనెసంచిలో పెట్టించుకుని. గురువమ్మక్క ఆ సంగతి బజారంతా చెప్పింది. కడుపులో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు.

నన్ను పనిలోకి తీసుకున్నది నా చదువు చూసి కాదు, నా నోరు చూసి. కళుగుమలై పక్క పల్లె నుంచి పెళ్ళయి విరుదునగర్ వచ్చిన కొత్తలో, ఇడ్లీ పాత్ర మూత సరిగా కూర్చోవడం లేదని ఆమెతో తగువుకు దిగాను. అరవంలోనే మొదలుపెట్టాను. ఇంట్లో తెలుగే అయినా, మా వాళ్ళం ఎవరమైనా గడప దాటితే అరవమే మాట్లాడతాం. కానీ కోపం ముదిరేసరికి నాకు తెలియకుండానే తెలుగులోకి జారిపోయాను. ఆమె కళ్ళు ఇంతలేసి చేసి, "ఓసి నీ! మనోళ్ళ పిల్లవా? ముందే చెప్పకూడదా, ఇంకా బాగా పోట్లాడుకుందుము కదా!" అంది. మూత మార్చి ఇచ్చింది. మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచి, "ఇంత వాయి పెట్టుకోని ఇంట్లో కూచోని ఏం చేస్తావు పాపా? రేపట్నుంచి అంగడికి రా" అంది. మా ఆయన్ను అడగాలి కదా అని నాకు ఇంటికి వెళ్ళాక గానీ తట్టలేదు. అప్పటికే వస్తానని చెప్పేశాను.

తాను వండి తినని పాత్రను అమ్మకూడదన్నది ఆమె పద్ధతి. నా చేతికీ ఒక ఎయిర్ ఫ్రయర్ ఇచ్చి ఇంటికి పంపింది. నాకు వంట రాదా ఏమిటి అనుకుని, మొదటి రోజే వడపిండి రుబ్బి, గుండ్రంగా తట్టి, బుట్టలో వేశాను. కాస్త పలచనైన పిండి చిల్లుల్లోంచి కిందికి జారి అక్కడే ఎండి అంటుకుపోయింది. గీకేసరికి చేతులు పడిపోయాయి. మర్నాడు చెబితే గురువమ్మక్క గల్లాపెట్టె మీద తల ఆనించి మరీ నవ్వింది. "జల్లెట్లో పిండి పోస్తే నిలబడతాదా మే?" అని, లోపలి నుంచి చిల్లులున్న బేకింగ్ కాగితాల కట్ట తెచ్చింది. దాన్ని లైనర్ అంటారని కట్ట మీద రాసి ఉంది. ఆమెకు ఆ మాట నచ్చలేదు. "లైనంటే రైలుకు ఉండేది. ఇది అడుగాకు. కూటి కింద పరిచేది ఆకు కాక ఇంకేంది?" అంది.

ఆ రోజు మధ్యాహ్నం అంగట్లో బేరం లేదు. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ నల్లరేగడి చేలలో ఆడి మాసపు, అదే ఆషాఢపు, గాలి గురించి చెప్పింది. ఆ గాలి నాకూ తెలుసు. మా వైపు ఆ నెలలో దండెం మీద ఆరేసిన చీర పక్క ఊళ్ళో దొరుకుతుందని వేళాకోళం. చేలో పనివాళ్ళకు బువ్వ పెట్టేటప్పుడు వాళ్ళ అమ్మ, కూటి గంప పక్కన వచ్చి నిలబడేదాకా ఎవరినీ ఆకు వేయనిచ్చేది కాదట. "ముందు కూడు రావాల, అప్పురమే ఆకు. వట్టి ఆకు ఎగిరిపోతాది. ఎగరకపోయినా, మనిషిని కూచోబెట్టి వట్టి ఆకు ముందరేస్తే దానికన్నా అవమానం ఉండాదా?" అంది. తర్వాత యంత్రం బుట్ట లాగి, లోపల పైన ఉన్న తీగను వేలితో చూపించింది. "దీని కడుపులో ఏడాదంతా ఆడి మాసమే పాపా. పైన నిప్పులాంటి తీగ ఉండాది. వట్టి కాయితం వేస్తే లేచిపోయి దానికి కరుచుకుంటాది. యంత్రం వేడెక్కించుకోవాలంటే వట్టి బుట్టతో వేడెక్కించుకో. కూర వేసేటప్పుడే ఆకు."

మిగిలిన జాగ్రత్తలన్నీ ఆ ఆకు నుంచే అల్లుకుంటూ పోయింది. కాగితం బుట్ట అడుగుకన్నా పెద్దది కాకూడదు, అంచులు గోడ పొడుగునా పైకి లేవకూడదు, గాలి తిరగడానికి చోటు వదలాలి. గాలి తిరగకపోతే కూర వేగదు, ఉడికి నీరుగారుతుంది. ఆకు లేవకుండా ముక్కలు దాని మూలల దాకా సర్దాలి. ఎంత వేడికి తట్టుకుంటుందో కట్ట మీద చూసుకున్నాకే వాడాలి. వీటిలో కొన్ని నాకు అప్పటికే తెలుసు. ఆ మాట అంటే, "తెలిస్తే మంచిది, ఇంకోసారి విను" అని మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది.

కొన్నాళ్ళకు సుమతి అనే అమ్మాయి వచ్చింది. విరుదునగర్‌లోనే ఒక మిల్లులో ఉద్యోగం. వాళ్ళ అమ్మ వీరమ్మ తాయిల్‌పట్టిలో ఒంటరిగా ఉంటుంది. బాణసంచా పనిలో జరిగిన ప్రమాదంలో భర్త పోయినప్పటి నుంచి వీరమ్మ మంట ముందు నిలబడలేకపోయింది. పొయ్యి వెలిగించాలంటే చేతులు వణుకుతాయి. దేవుడి దీపం కూడా పక్కింటావిడే వచ్చి వెలిగిస్తుంది. బువ్వకు కరెంటు కుక్కరు ఉంది గానీ, కూరకు ఎప్పుడూ ఇంకొకరి గిన్నె కోసం చూడాలి. ఇల్లు మూసేసి తమ ఇంటికి వచ్చెయ్యమని ఆమె తమ్ముడు గట్టిగా పట్టుబడుతున్నాడు. "ఒకరి ఇంట్లో కూటికి ఎదురుచూస్తా కూచునేది నా చేత కాదు అని అమ్మ ఏడుస్తుండాదక్కా. దీంట్లో మంట కనపడదు కదా?" అని సుమతి అడిగింది. కనపడదని గురువమ్మక్క చెప్పింది. వాడకం చూపించడానికి ఇంటికి వస్తామంది. తానే చూసి చేసుకుంటానని సుమతి తొందరగా పట్టుకుపోయింది.

మూడు రోజులు తిరక్కుండా యంత్రాన్ని మోసుకుని తిరిగి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. "మీరే పెట్టుకోండక్కా. పొగ వచ్చేసింది. అమ్మ వీదిలోకి పరిగెత్తింది. ఇది ఇంట్లో ఉంటే వాకిలి దాటి లోపలికి రానంటుండాది" అంది. గురువమ్మక్క బుట్ట తీసి వాసన చూసింది. అడుగున జిడ్డులాంటి మరక ఉంది. గోటితో గీకి, ఏ కాయితం వేశావని అడిగింది. ఇంట్లో కట్టలు కట్టలుగా పడి ఉన్న చుట్టుడు కాగితం, నున్నగా ఉంటుంది, కూర అంటుకోదని వేశానంది సుమతి. యంత్రం వేడెక్కేటప్పుడే పరిచిందట. "మెళుగు కాయితమా!" అని గురువమ్మక్క నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. మెళుగు అంటే మైనం. అలాంటి కాగితాన్నే సన్నగా చుట్టి అగ్గిపుల్లలు చేసే పని మా వైపు ఇళ్ళల్లోనే చేస్తారు. "అగ్గిపుల్లను తెచ్చి నిప్పు కింద పరిస్తివి కదే తల్లీ! అదీ వట్టిదాన్ని!" అంది. సుమతి భోరుమంది. గురువమ్మక్క వెంటనే అంగట్లోంచి దిగి వచ్చి ఆ పిల్లను పొదువుకుంది. "నున్నగా ఉండే కాయితాలన్నీ ఒకటే అనుకుంటివి, అంతే కదా. యంత్రాన్ని నేను వెనక్కి తీసుకుంటా. కానీ ముందు మీ అమ్మ చేతి కూర నేను తినాల" అంది.

మర్నాడే ముగ్గురం తాయిల్‌పట్టి వెళ్ళాం. వీరమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో చెంగు నలుపుతూ, యంత్రం ఉన్న సంచీ వైపు చూడలేదు. గురువమ్మక్క ఆమెకు ధైర్యం చెప్పలేదు, బతిమాలలేదు. వెళ్ళి పక్కన కూర్చుంది. "ఏం తినాలని ఉండాది వదినా నీకు?" అని అడిగింది. వీరమ్మ, "కాకరకాయ. నల్లంగా వేగింది" అంది. గురువమ్మక్క ఇంకేమీ అడక్కుండా సుమతిని కాకరకాయలకు పంపించింది. గ్రైండరు కోసం పెట్టించిన ప్లగ్గు గుమ్మం పక్కనే ఉంది. యంత్రాన్ని అక్కడే బల్ల మీద, గోడకు ఎడంగా పెట్టించింది. తలుపులు బార్లా తెరిపించింది. "పొగ వస్తే నేను పరిగెత్తేస్తా. తప్పుగా అనుకోవద్దు" అంది వీరమ్మ. "పరిగెత్తు వదినా. నేనూ నీ వెనకాలే వస్తా, నన్ను మాత్రం తోసెయ్యొద్దు" అంది గురువమ్మక్క. వీరమ్మకు నవ్వు వచ్చింది. కాకరకాయలతో తిరిగొచ్చిన సుమతి ఆ నవ్వు చూసి తల పక్కకు తిప్పుకుంది.

ముక్కలకు ఉప్పు, కారం, రెండు చెంచాల నూనె పట్టించాక, గురువమ్మక్క అడుగాకు తీసి వీరమ్మ చేతికిచ్చింది. "ఆడి గాలిలో ఆకు ఎట్ల వేస్తావు వదినా?" అంది. వీరమ్మ విసుక్కుంది. "చిన్నపిల్లనా నేను? కూడు తేకుండా వట్టి ఆకు ఎవురైనా వేస్తారా?" అంది. "అంతే. ఇంక నువ్వే వేసుకో" అని గురువమ్మక్క వెనక్కి జరిగిపోయింది. నేను సాయం పోబోతే నా చీర కొంగు పట్టుకుని ఆపింది. వీరమ్మ కాగితం పరిచి, మరుక్షణంలోనే ముక్కలు పోసి, మూలల దాకా సర్దింది. మీట కూడా ఆమే నొక్కింది. యంత్రం హోరు మొదలవగానే నా మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకుపోయేంత గట్టి పట్టు. గురువమ్మక్క మాత్రం పక్కింటావిడతో చింతపండు ధర గురించి గట్టిగా మాట్లాడుతూ నిలబడింది. ఆమె గొంతు కూడా కొంచెం వణుకుతోందని అప్పుడు గమనించాను. తనకూ భయమే, కానీ ఆ ఇంట్లో భయపడే హక్కు వీరమ్మకే వదిలిపెట్టింది.

సగం వేగాక ముక్కలు తిరగెయ్యడానికి బుట్ట లాగాను. పక్క నుంచి వీరమ్మ, "అక్కడ ఆకు అంచు లేస్తుండాది, దాని మింద ఒక ముక్క పెట్టు" అంది. అప్పటికి నా చెయ్యి వదిలేసిందని ఇద్దరం గమనించలేదు. పొగ రాలేదు. కాకరకాయ నల్లగా, కరకరలాడుతూ వచ్చింది. వీరమ్మ లోపలికి వెళ్ళి నిజమైన అరిటాకు తెచ్చింది. బువ్వ, కూర పక్కన పెట్టుకున్నాకే గురువమ్మక్క ముందు ఆకు పరిచి, మొదట ఉప్పు పెట్టింది. గురువమ్మక్క తింటూ ఏడ్చింది. "కారం ఎక్కువైందా?" అని వీరమ్మ కంగారు పడింది. "ఆమా వదినా, కారమే" అంది.

తిరుగు బస్సులో ఆమె నాతో, "ఇంక ఇండ్లకు నువ్వే పో. కానీ చెయ్యలేనిది చెయ్యగలనని చెప్పి ఎవురి ముందరా వట్టి ఆకు వేయొద్దు" అంది. నా ఉద్యోగానికి అంతకన్నా పెద్ద నియామక పత్రం ఎవరూ ఇవ్వలేదు. వీరమ్మ ఇల్లు మూయలేదు. ఆమె తమ్ముడే ఆదివారాలు అక్క ఇంటికి తిండికి వచ్చేవాడని సుమతి చెప్పింది.

పోయినేడాది గురువమ్మక్క వెళ్ళిపోయింది. కర్మ రోజున వాళ్ళ మేడ మీద పందిరి వేశారు. పటం ముందు వాళ్ళ కోడలు ఆకు పరిచి వంటకాలు తేవడానికి కిందికి వెళ్ళింది. గాలికి ఆకు లేవబోయింది. నేను వెళ్ళేలోపు, జనంలోంచి ఒక ముసలి చెయ్యి దాన్ని అదిమి పట్టుకుంది. వీరమ్మ. తాయిల్‌పట్టి నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. ఒడిలో స్టీలు డబ్బా ఉంది. "మా వదినకు వట్టి ఆకా!" అని కోప్పడుతూ డబ్బా తెరిచి, నల్లగా వేగిన కాకరకాయ ముక్కలు ఆకు మూలల దాకా సర్దింది. తర్వాత అగ్గిపెట్టె అడిగింది. ఎవరో ఇస్తే, పటం ముందు దీపాన్ని తన చేతులతోనే వెలిగించింది. పుల్ల వణికింది, ఆరలేదు. నాకు ఏడుపు ఆగలేదు. సుమతి, నేను ఒకరినొకరం పట్టుకుని అక్కడే నిలబడ్డాం.

ఈ ఉదయం ఈ కథంతా చెప్పడానికి టైము లేకపోయింది. కొత్తగా చేరిన ఆవిడ బిక్కముఖంతో నిలబడి ఉంది. ఆమె చేతిలోకి కాకరకాయ ముక్కల గిన్నె ఇచ్చాను.

"ముక్కలు చేతిలో ఉండాయా?"

"ఉండాయక్కా."

"అయితే ఇప్పుడు ఆకు వెయ్యి."